జీతం ఒకరిది, హుకుం ఒకరిది
ఖర్దా యుద్ధము, నేటి ఐరోపా రక్షణ చర్చ: ఒక అనువాదకుని విమర్శ

మన పాఠశాల చరిత్ర పుస్తకాలలో ఒక మాట తరాల తరబడి స్థిరపడిపోయి ఉన్నది. గవర్నర్ జనరల్ వెల్లస్లీ పేరు రాగానే దాని వెంట 'సైన్య సహకార పద్ధతి' అన్న మాట రావలసిందే. ఉర్దూలో కూడా ఇమ్దాద్, ముఆవనత్ వంటి మాటలతోనే సరిపెట్టుకున్నారు. ఈ వ్యాసకర్త చాలా ఏళ్ల క్రితం దక్కను చరిత్రకు సంబంధించిన ఒక ఉర్దూ గ్రంథాన్ని తెలుగు చేసినప్పుడు మరో ఆలోచన లేకుండా ఆ మాటనే వాడినాడు. పుస్తకం అచ్చయిన తరువాత ఖమ్మంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు దానిని శ్రద్ధగా చదివి, దారిలో ఆపి అడిగినారు: "మౌల్వీగారూ, డబ్బు నిజాముది, సిపాయిలు కంపెనీవాళ్లు. మరి ఇందులో ఎవరికెవరు సహకరించినట్టండీ?"

ఆ ప్రశ్నకు అప్పుడు నా వద్ద జవాబు లేదు. ఇటీవల ఉక్రెయిన్ యుద్ధం గురించి, ఐరోపా తన రక్షణ తాను చూసుకోగలదా అన్న చర్చ గురించి తెలుగు, ఉర్దూ పత్రికలలో వస్తున్న వ్యాసాలను చదువుతున్నప్పుడు ఆ ప్రశ్న మళ్లీ గుర్తుకు వచ్చింది. ఆ వ్యాసాలలో అధిక భాగం రెండే మాటలు చెబుతున్నాయి. పెద్ద మిత్రుడు మాట తప్పుతున్నాడన్నది ఒకటి. ఖర్చు పెంచితే సొంత కాళ్లపై నిలబడవచ్చునన్నది రెండవది. ఈ రెండు మాటలూ దక్కనులో రెండు వందల ముప్పై ఏళ్ల క్రితమే పరీక్షకు వచ్చినవి. ఆ పరీక్ష పేరు ఖర్దా యుద్ధం. మన చరిత్రకారులు దానిని చెప్పే తీరులోనూ ఇవే రెండు పొరపాట్లు ఉన్నవని నా అభిప్రాయం. అందుచేత ముందు మన ఇంటి లెక్క చూచి, తరువాత పొరుగువారి లెక్కకు పోదాము.

మొదట మాట సంగతి. ఇంగ్లీషువారు ఈ ఒప్పందానికి పెట్టిన పేరు 'సబ్సిడియరీ' సంధి. దాని మూలం లాటిన్ భాషలో ఉన్నది. యుద్ధంలో వెనుక వరుసలో నిలిపి ఉంచే సహాయక దళానికి అక్కడ అటువంటి పేరుండేది. పదునెనిమిదవ శతాబ్దపు ఐరోపాలో ఈ 'సబ్సిడీ' అన్నది అందరికీ తెలిసిన బేరం. ధనమున్న రాజ్యం సైన్యమున్న చిన్న రాజ్యానికి డబ్బు చెల్లించి దాని సైనికులను తన యుద్ధానికి తీసుకొనేది. 1776లో అమెరికా వలసలపై పోరుకు ఇంగ్లండు హెస్సె-కాసెల్ సంస్థానం నుండి వేలాది సిపాయిలను ఈ విధంగానే తెచ్చుకున్నది. అక్కడ డబ్బిచ్చినవాడిదే హుకుం. ఇందులో మంచిచెడ్డలు వేరే సంగతి, కనీసం లెక్క సూటిగా ఉన్నది. ఈస్టిండియా కంపెనీ అదే పేరును దక్కనుకు తెచ్చి, లోపలి సరుకును తలక్రిందులు చేసింది. ఇక్కడ డబ్బిచ్చినవాడు నిజాం, హుకుం మాత్రం కలకత్తాది. 'సహకారం' అన్న తెలుగు మాట ఈ తలక్రిందులను చక్కగా కప్పిపుచ్చింది. ఆ పాపంలో నాకూ భాగమున్నది.

ఈ తలక్రిందులు వెల్లస్లీ బుర్రలో ఒక్కరోజున పుట్టినది కాదు. దాని మొదటి పాఠాలు ఖమ్మానికి పొరుగునే, కృష్ణా గోదావరుల నడుమ జరిగినవి. 1753లో సలాబత్ జంగు తన వద్దనున్న ఫ్రెంచి సేనాని బుస్సీ దళాల జీతాలకుగాను ముస్తఫానగరు (అనగా కొండపల్లి), ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారులను వ్రాసి ఇచ్చినాడు. జీతానికి బదులు భూమి ఇవ్వడమన్న అలవాటు మనకు అక్కడ మొదలయినది. అయిదేళ్లకే ఐరోపాలో ఫ్రెంచి, ఇంగ్లీషు వారి నడుమ సప్తవర్ష సంగ్రామం సాగుతున్న కాలాన, ఫ్రెంచి గవర్నరు లాలీ బుస్సీని దక్కను నుండి వెనక్కు పిలిపించుకున్నాడు. హైదరాబాదు దర్బారు అవసరమేమిటన్నది ఆ పిలుపులో లెక్కకు రాలేదు. అదే ఏడు డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడినారు. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డు మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. సహాయానికని బయలుదేరిన సలాబత్ జంగు దారిలోనే మనసు మార్చుకొని గెలిచిన ఇంగ్లీషువారితో సంధి చేసుకున్నాడు. రక్షకుడు తన సొంత యుద్ధం కొరకు లేచిపోవడం మన దర్బారు చవిచూచిన మొదటి అనుభవం ఇది. దానిని ఎవరూ గుర్తు పెట్టుకున్నట్టు కనబడదు.

ఇక కథకు ఆయువుపట్టు అయిన పత్రం వద్దకు వద్దాము. 1768 సంధిలో నిజాం కోరినప్పుడు రెండు బెటాలియన్ల సిపాయిలను, ఆరు ఫిరంగులను పంపుతామని, ఖర్చు నిజాం భరించాలని కంపెనీ ఒప్పుకున్నది. కాని పరిస్థితులు అనుకూలించినప్పుడే పంపుతామన్న ఒక మెత్తని మాట అందులో చేర్చింది. ఇరవై ఏళ్లపాటు ఆ మాటకు అర్థమేమిటో తేలలేదు. 1788లో కంపెనీ గుంటూరు సర్కారును స్వాధీనం చేసుకున్నది. అప్పుడు నిజాం అలీఖాన్ తన దూతగా మీర్ ఆలంను కలకత్తా పంపి, మరి మా పత్రానికి అర్థం చెప్పండని అడిగించినాడు. 1789 జూలైలో కార్న్‌వాలిస్ ఒక లేఖ వ్రాసినాడు. ఇకమీదట కోరిన వెంటనే దళాలు వస్తాయి, అయితే కంపెనీ మిత్రులపై వాటిని వాడరాదన్నది దాని సారాంశం. ఆ మిత్రులెవరో పేర్లు కూడా అందులో ఉన్నవి. పీష్వా, సింధియా, భోంస్లే మొదలైన మరాఠా సర్దారులు, ఆర్కాటు నవాబు, అయోధ్య నవాబు, తంజావూరు, తిరువాన్కూరు రాజులు. టిప్పు సుల్తాను పేరు లేదు.

ఈ జాబితాను ఒక్క నిమిషం నిదానంగా చదువవలసి ఉన్నది. దక్కనులో నిజాముకు నిజంగా యుద్ధం వచ్చే అవకాశమున్నది ఎవరితో? ఉత్తరాన, పడమట మరాఠాలతో, దక్షిణాన మైసూరుతో. మైసూరుపై యుద్ధం కంపెనీకి కూడా కావలసిన యుద్ధమే. మిగిలిన సగానికి, అంటే నిజాముకు మాత్రమే అవసరమైన యుద్ధాలకు, ఆ దళాలు పనికిరావని 1789లోనే వ్రాతపూర్వకంగా తెలిపినారు. దర్బారు ఆ లేఖను తీసుకొని సంతోషించినది. మరుసటి ఏడు జూలైలో పానగల్లు మకాంలో టిప్పుపై కంపెనీతో సంధి చేసుకున్నది. 1792లో మైసూరు రాజ్యం సగం చీలినప్పుడు నిజాం, పీష్వా ఇద్దరూ తమ తమ వాటాలు తీసుకొన్నారు. మూడేళ్లు తిరగకముందే చౌత్ బకాయీల తగాదాపై ఆ ఇద్దరు వాటాదారులు ఒకరిపై ఒకరు సైన్యాలు నడిపించినారు.

1795 మార్చి 11న ఖర్దా వద్ద, నేటి మహారాష్ట్రలోని అహల్యానగర్ జిల్లాలో, యుద్ధం జరిగినది. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థత ప్రకటించినాడు. నిజాం జీతమిస్తున్న కంపెనీ బెటాలియన్లు రెండూ యుద్ధభూమికి రాలేదు. ఫ్రెంచి సేనాని రేమండ్ శిక్షణ ఇచ్చిన దళాలు మాత్రం కొంతసేపు నిలబడి పోరాడినవి. ఇంతలో నిజాం వెనక్కు తగ్గి, జనానాతో సహా ఖర్దా కోటలో చేరినాడు. చిన్న కోట, చాలని నీరు, చుట్టూ శత్రువు. మూడు కోట్ల రూపాయలు, దౌలతాబాదు కోటతో సహా పెద్ద భూభాగం, వీటన్నిటికంటే అవమానకరంగా తన ప్రధానమంత్రి ముషీరుల్ముల్కును (తరువాత అరస్తూజా అన్న బిరుదుతో ప్రసిద్ధుడైనవాడు) బందీగా అప్పగించడం, ఇవీ షరతులు.

చాలా పుస్తకాలు ఇక్కడ 'నమ్మకద్రోహం' అన్న మాట వాడి ముందుకు సాగిపోతాయి. ఆ మాట వాడటానికి నాకు మనసొప్పదు. షోర్ పిరికివాడే అనుకొందాము, లెక్కలు చూచుకొనే వర్తకుడే అనుకొందాము. కాని మాట తప్పినవాడు కాడు. ఆరేళ్ల ముందు చేతికిచ్చిన పత్రంలో ఏమున్నదో అదే చేసినాడు. ఇద్దరు మిత్రులు తమలో తాము కొట్లాడుకుంటే మూడవ మిత్రుడు ఎవరి పక్షం వహించాలన్నది ఏ సంధిలోనూ లేదు. కార్న్‌వాలిస్ ముగ్గురికీ కలిపి పరస్పర హామీ ఒప్పందం ఒకటి కుదర్చాలని చూచినాడు గాని, మరాఠాలు ఒప్పుకోలేదు. షోర్ చేసినది ద్రోహమంటే ఆ పత్రాన్ని చదివి కూడా మౌనంగా ఉన్న దర్బారు బాధ్యత మాయమైపోతుంది. మనం ద్రోహకథలను ఇష్టపడటానికి కారణం కూడా బహుశా అదే.

ఇక్కడ మన పాఠకులకు హుదైబియా ఒప్పందం తప్పక గుర్తుకు వచ్చి ఉంటుంది. క్రీ.శ. 628లో జరిగిన ఆ ఒప్పందంలో ఏ తెగ అయినా తనకిష్టమైన పక్షంలో చేరవచ్చునని ఉన్నది. ఖుజాఅ తెగ దైవప్రవక్త (స) పక్షాన, బనూ బక్ర్ తెగ ఖురైషుల పక్షాన చేరినవి. బనూ బక్ర్ వారు ఒక రాత్రి ఖుజాఅలపై దాడి చేసినారు. ఖురైషులు వారికి లోపాయికారిగా ఆయుధాలిచ్చినారు. ఖుజాఅ నాయకుడు అమ్ర్ బిన్ సాలిం మదీనాకు వచ్చి మొరపెట్టుకున్నాడు. ఒప్పందాన్ని మళ్లీ అతికించాలని అబూ సుఫ్యాన్ వచ్చి ఒట్టిచేతులతో తిరిగిపోయినాడు. 630లో మక్కా విజయానికి దారితీసినది రెండు చిన్న తెగల నడుమ జరిగిన ఆ రాత్రి దాడి. నేను దీనిని ధర్మబోధగా చెప్పడం లేదు. చెప్పదలచినది ఒప్పందపు నిర్మాణాన్ని గురించి మాత్రమే. హుదైబియాలో బలహీన మిత్రుడు ఎవరిచేత దెబ్బతిన్నా అది ఒప్పందంపై పడిన దెబ్బే అయినది. ఫలానావాడు కొడితే లెక్కలోకి రాదన్న మినహాయింపుల పట్టిక అందులో లేదు. 1789 లేఖలో ఉన్నదంతా ఆ పట్టికే. సియర్ శాస్త్రాన్ని మదర్సాలో కొద్దిగానైనా చదివినవారు సంధిపత్రంలో మొట్టమొదట చూడవలసినది మినహాయింపులనేనని గ్రహిస్తారు. మీర్ ఆలం వంటి పండితునికి ఈ సంగతి తెలియదని అనుకోలేము. గుంటూరు పోయిన దుఃఖంలో ఏదో ఒక పత్రం చేతికి వస్తే చాలుననుకొని ఉంటారు.

ఖర్దా తరువాత నిజాం కోపంతో కంపెనీ బెటాలియన్లను పంపివేసినాడు. అదే ఏడు జూన్‌లో ఆయన కుమారుడు అలీజా తిరుగుబాటు చేసేసరికి, అణచడానికి రేమండ్‌ను పంపుతూనే, పోయిన బెటాలియన్లను మళ్లీ పిలిపించవలసి వచ్చినది. తిరుగుబాటును అణచినవాడు మాత్రం రేమండ్. ఆనాటి నుండి అతని నక్షత్రం వెలిగింది. అతని దళం పదునాలుగు వేలకు పెరిగింది. హైదరాబాదులో అతడు నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా పేరు నేటికీ గన్‌ఫౌండ్రీ పేటలో ఉన్నది. ముసారాంబాగులో ఉన్న 'ముసా రాం' ఎవరో కాదు, ముస్యూ రేమండే.

స్వయం రక్షణను కీర్తించే చరిత్రకారులు రేమండ్‌ను వీరునిగా నిలబెడతారు. విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన 'వైట్ మొఘల్స్' ఈ కాలాన్ని లక్షలాది పాఠకుల వద్దకు చేర్చినది. రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా బేగంల ప్రణయగాథ దానికి వెన్నెముక. హైదరాబాదును కంపెనీ పటంలో ఒక చుక్కగా కాక సజీవమైన దర్బారుగా చూపినందుకు ఆ పుస్తకానికి మనం కృతజ్ఞులమే. అయితే అందులో మనుషులు ఎంత పెద్దవారై కనబడతారంటే, వారి వెనుక ఉన్న జీతాల పద్దు చిన్నదైపోతుంది. ఎవరు ఎవరిని ప్రేమించినారు, ఎవరు ఎవరిపై చాడీ చెప్పినారు అన్న దానితో రాజ్యాలు నిలిచినట్టు, పడినట్టు అనిపిస్తుంది. దానికి పక్కన సరోజిని రేగాని 1963లో ప్రచురించిన నిజాం-బ్రిటిషు సంబంధాల గ్రంథాన్ని పెట్టుకొని చదవాలి. అందులో ప్రణయం లేదు, సంధులున్నవి. రుచి తక్కువే, నా వరకు రెండవసారి తెరవవలసి వచ్చినది మాత్రం దానినే.

ఎందుకంటే రేమండ్ దళం కథ ముగిసినది కూడా జీతం వద్దనే. 1798 మార్చిలో రేమండ్ మరణించినాడు. పిరాన్ అన్న మరొక ఫ్రెంచివాడు వచ్చినాడు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో కొత్త సంధి చేసుకున్నాడు. ఆరువేల మంది కంపెనీ సిపాయిలు, ఏటా 24,17,100 రూపాయల ఖర్చు, ఫ్రెంచి దళం రద్దు. అక్టోబరులో కంపెనీ దళాలు చుట్టుముట్టే ముందే జీతాల బకాయీల కోసం ఆ సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించి ఉన్నారు. బకాయీలు చెల్లిస్తామన్న హామీ రాగానే ఆయుధాలు క్రింద పెట్టినారు. పదునాలుగు వేల దళం దాదాపు రక్తపాతం లేకుండా ఒక్కరోజులో ముగిసిపోయినది. దానిని నిజాం సొంత సైన్యమని ఎలా అనగలము? అధికారులు ఫ్రెంచివారు, ఫిరంగులు పోయించేవాడు ఫ్రెంచివాడు, సిపాయి విధేయత నెల జీతానిది. ఇంగ్లీషు మిత్రుడు రాలేదన్న కోపంతో దర్బారు తన చేతిని బలపరచుకోలేదు. మరొకరి చేతిని అద్దెకు తెచ్చుకొన్నది. ఖర్చు పెరిగినది, దళం పెరిగినది, హుకుం మాత్రం ఇంటికి రాలేదు.

ఆ తరువాతి లెక్కలు భూమి మీద ఉన్నవి. 1800 అక్టోబరు సంధిలో దళాన్ని మరింత పెంచి, దాని జీతానికి బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను వ్రాసి ఇచ్చినారు. మైసూరు యుద్ధాలలో వచ్చిన వాటాలు అవి. మైసూరు యుద్ధాలలో తోడు వచ్చిన సైన్యం జీతం కిందనే పోయినవి. 1853లో హైదరాబాదు కంటింజెంటు అనే మరొక దళపు బకాయీల కింద బీరారు పోయినది. 1902లో ఆ బీరారును ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా మార్చినారు. ఏ కంటింజెంటు కొరకు దానిని తీసుకొన్నారో ఆ దళం ఆ రోజుల్లోనే ఇండియా సైన్యంలో కలిసి కనుమరుగైనది. సైన్యం లేకపోయినా జీతానికిచ్చిన భూమి తిరిగి రాలేదు.

మా ప్రాంతపు నది ఒడ్డు కూడా ఈ పద్దులోనిదే. 1860లో బీరారు లెక్కలను సర్దుబాటు చేసినప్పుడు రాయచూరు, ధారాశివ ప్రాంతాలు నిజాముకు తిరిగి వచ్చినవి, యాభై లక్షల అప్పు రద్దయినది, గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఇంగ్లీషువారికి పోయినవి. గోదావరిలో పడవలు పైవరకు నడపాలన్న వారి ప్రయత్నానికి ఆ ఒడ్డు కావలసి వచ్చినది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ఆశకు మిగిలిన గుర్తు. అడవి ఒక్కటే, కోయ గూడేలు రెండు వైపులా ఒక్కటే, ఏరు మాత్రం సరిహద్దు అయినది. బూర్గంపహాడు ఒడ్డున నైజాం, భద్రాచలం ఒడ్డున ఇంగ్లీషు ఇలాకా. మా నానా వయసులో ఉండగా ఈ ఒడ్డున హాలీ సిక్కా, ఆ ఒడ్డున కల్దారు నడిచేవని, పడవ దిగగానే ముందు రూపాయి మార్చుకోవలసి వచ్చేదని చెప్పేవారు. భద్రాచలం మొదట మధ్యపరగణాలలో, 1874 నుండి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో ఉండి, 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. 2014లో ఆ ప్రాంతపు మండలాలు కొన్ని మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినవి. ఒక సైన్యపు జీతం లెక్క నూరేళ్ల తరువాత కూడా ఎవరి రేషను కార్డు ఏ కచేరీలో ఉండాలో నిర్ణయించగలదని భద్రాచలం వాసులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఐరోపా. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై పూర్తి స్థాయి దాడి ప్రారంభించినప్పుడు నాటో కూటమికి కొత్త ఊపిరి వచ్చినట్టు కనబడింది. ఫిన్లాండు 2023లో, స్వీడన్ 2024లో చేరినవి. 2025 మార్చిలో అమెరికా కొద్దిరోజుల పాటు ఉక్రెయిన్‌కు ఆయుధాలను, రహస్య సమాచారాన్ని నిలిపివేసేసరికి ఐరోపా రాజధానులన్నీ ఉలిక్కిపడినవి. ఆ తరువాత మన పత్రికలు వ్రాసినదంతా 'ద్రోహం' శాఖలోకే వస్తుంది.

ఇక్కడ కూడా పత్రాలనే ముందు చదవాలని నేనంటాను. 1994 బుడాపెస్టు పత్రంలో, అణ్వాయుధాలు వదులుకొన్నందుకు బదులుగా ఉక్రెయిన్‌కు ఇచ్చినది ఇంగ్లీషు ప్రతిలో 'భరోసా' అన్న అర్థమిచ్చే మాట. ఉక్రెయిన్, రష్యా భాషల ప్రతులలో 'హామీ' అన్న అర్థమిచ్చే మాట. ఒక్క మాట తేడా. అనువాదకుని పనిని చిల్లర పనిగా భావించేవారు దీనిని గమనించగలరు. నాటో ఒప్పందపు అయిదవ అధికరణం సైతం, ఒకరిపై దాడి జరిగితే అందరూ తలా తమకు అవసరమని తోచిన చర్య తీసుకోవాలని అంటుందే తప్ప, ఫలానా దళం ఫలానా చోటికి రావాలని అనదు. 1768 సంధిలోని మెత్తని మాటకు ఇది దూరపు బంధువు. కూటమిలోని ఇద్దరి మధ్యనే తగాదా వస్తే ఏమన్న ప్రశ్న 1974లో సైప్రస్ విషయమై వచ్చినది. టర్కీ, గ్రీసు రెండూ నాటో సభ్యులు. గ్రీసు అలిగి కూటమి సైనిక వ్యవస్థ నుండి బయటికి వచ్చి 1980లో తిరిగి చేరినది. ఖర్దాలో షోర్ ఎదుర్కొన్న ప్రశ్న అదే.

రెండవ పొరపాటు ఖర్చు గురించినది. 2014లో జాతీయాదాయంలో 2 శాతం అన్నారు. 2025 జూన్‌లో హేగ్ సమావేశంలో 2035 నాటికి 5 శాతం అన్నారు. శాతాన్ని స్వాతంత్ర్యానికి కొలబద్దగా పట్టుకొంటే, ఏటా ఇరవై నాలుగు లక్షలు చెల్లించిన నిజాం దక్కనులోకెల్లా స్వతంత్రుడై ఉండవలసినది. ఆ డబ్బు ఎవరి కార్ఖానాకు పోతుంది, కొన్న యంత్రానికి మరమ్మతు, మందుగుండు, మార్గదర్శక సమాచారం ఎవరి చేతిలో ఉంటుందన్నది అసలు ప్రశ్న. ఐరోపా సంఘం కోరగా 2024లో మారియో ద్రాఘీ సమర్పించిన నివేదిక, 2022 మధ్య నుండి 2023 మధ్య వరకు జరిగిన కొనుగోళ్లలో 78 శాతం సంఘం వెలుపలికి, 63 శాతం ఒక్క అమెరికాకే పోయినదని లెక్కగట్టినది. ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పినదని వాదించినవారూ ఉన్నారు. వారి మాటే నిజమనుకొన్నా, ప్రశ్న మారదు.

పోలికను అతిగా లాగడం కూడా తప్పే. ఐరోపా దేశాలకు సొంత ఆయుధ కర్మాగారాలున్నవి, ఫ్రాన్సుకు, బ్రిటనుకు అణ్వాయుధాలున్నవి, ఎన్నికైన శాసనసభలున్నవి. వాషింగ్టన్ దూత ఎవరూ పారిస్‌లో కూర్చొని మంత్రులను మార్చడం లేదు. అయితే ఒక్క చోట మాత్రం పోలిక నన్ను వదలడం లేదు. 1950లో ఐరోపాకంతా ఒకే సైన్యముండాలన్న పథకాన్ని ముందుపెట్టినది ఫ్రాన్సే. 1952లో దానిపై సంతకాలు కూడా అయినవి. 1954 ఆగస్టులో దానిని త్రోసిపుచ్చినది కూడా ఫ్రెంచి శాసనసభయే. త్రోసినది మాస్కో కాదు, వాషింగ్టనూ కాదు. పొరుగునున్న జర్మను సిపాయి పట్ల జంకు. 1998 డిసెంబరులో సేంట్ మాలో పట్టణంలో బ్రిటన్, ఫ్రాన్సులు ఐరోపాకు సొంత సైనిక శక్తి ఉండాలని ప్రకటించినవి. నిజాం సంధికి సరిగ్గా రెండు వందల ఏళ్ల తరువాతి మాట. ఆ తరువాత పావు శతాబ్దం గడిచినా, కొత్త యుద్ధవిమానాన్ని కలిసి తయారు చేయడంలో ఎవరి వాటా ఎంతన్న దానిపై 2025లో ఫ్రెంచి, జర్మను పక్షాలు తగువు పడుతూనే ఉన్నవి.

మన కథలోనూ అంతే. టిప్పు సుల్తాను కంపెనీ దళాన్ని అద్దెకు తెచ్చుకోలేదు. సొంత ఫిరంగులు, సొంత రాకెట్లు చేయించినాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడినప్పుడు ముట్టడిదారులలో నిజాం సైన్యం కూడా ఉన్నది. పూనా వారు పక్కకు నిలబడినారు. అయిదేళ్లు తిరగకముందే వారి వంతు వచ్చినది. దక్కనులోని మువ్వురూ తమలో ఒకరికంటే కలకత్తా వారిని ఎక్కువగా నమ్మినారు. హుకుం ఇంటి బయటికి పోయినది ఆ సందులో నుండే. రెండు బెటాలియన్ల అద్దె కేవలం రసీదు మాత్రమే.

1918లో ఆఖరి నిజాముకు బ్రిటిషు ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడన్న బిరుదు ఇచ్చినారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన డబ్బుతో ఏర్పడిన బ్రిటిషు విమానదళానికి హైదరాబాదు పేరు పెట్టినారు. 1947లో బ్రిటిషువారు పోతూ, ఇక మాకూ మీకూ ఏ బంధమూ లేదన్నారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించినది, 17న ముగిసినది. ఆగస్టులోనే భద్రతామండలికి మొరపెట్టుకొన్న హైదరాబాదు ప్రతినిధి వర్గంలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉన్నారు. దైవప్రవక్త (స) కాలపు సంధులను, లేఖలను ఒక్కచోట చేర్చి సంకలనం చేసిన పండితుడు ఆయన. ఏ రాజ్యం తరఫున మాట్లాడటానికి వెళ్లినారో ఆ రాజ్యమే లేకపోయేసరికి పారిస్‌లో ఉండిపోయి, దశాబ్దాలపాటు అక్కడే పరిశోధన చేసినారు. 1954లో ఫ్రెంచి శాసనసభ ఐరోపా సైన్యపు ఒప్పందాన్ని త్రోసిపుచ్చిన రోజుల్లో ఆయన ఆ నగరంలోనే ఉన్నారు. ఆ చర్చను ఆయన ఏ కళ్లతో చూచినారో అన్న కుతూహలం నాకు చాలా కాలంగా ఉన్నది.

ఆ పాత అనువాదం పునర్ముద్రణకు వచ్చినది. 'సైన్య సహకార పద్ధతి' అని ఉన్న ప్రతి చోటా కొట్టివేసి 'సైన్య భరణ సంధి' అని దిద్దినాను. పోషించే బాధ్యత ఎవరిదో అది చెబుతుంది, సహాయం ఎవరిదో దానికి రాని మాట చెప్పదు. ప్రూఫులు ముందుగా మాస్టారికే పంపినాను. ఆయన అద్దాలు సర్దుకొని చదివి నవ్వినారు. "భరణమంటే మనోవర్తి కదండీ, మౌల్వీగారూ. విడిపోయినాక ఇచ్చేది." ఆ అర్థం కూడా ఉండనివ్వండి మాస్టారూ అన్నాను.